మేకను ఎరిగి మేపుట

మన భాషలో మేక పేరు అనేకమైన మాటలలో వినబడుచున్నది. పైకి ధైర్యము నటించి లోపల వణకువానిది మేకపోతు గాంభీర్యమందుము. సాధువేషము వేసిన క్రూరుని మేకవన్నె పులి యందుము. ఎందుకును కొరగాని దానిని మేక మెడ చన్నుతో పోల్చుదుము. ఈ మాటలన్నియు మనుష్యుల గుణములను చెప్పుటకు కల్పించుకొన్నవే. మన దొడ్డిలో నున్న మేక ఏమి చేయుచున్నది, ఎందుకు చేయుచున్నది అని ఆగి చూచువారు కొద్దిమంది మాత్రమే.

ఇది చిన్న విషయము కాదు. 2019వ సంవత్సరపు పశుగణన ప్రకారము మన దేశములో 14 కోట్ల 88 లక్షల మేకలున్నవి. వీటిలో అధికభాగము గొప్ప ఆస్తిపరులవి కావు. భూమిలేని కూలివాడు, విధవరాలు, వయసు మళ్లిన దంపతులు రెండు మూడు మేకలను పెంచుకొందురు. బిడ్డకు బడి రుసుము చెల్లించవలసినప్పుడును, ఇంటిలో రోగము వచ్చినప్పుడును అమ్ముకొనుటకు వారికున్న నిలువ ధనము ఆ మేకయే. కనుకనే దానిని పేదవాని ఆవు అని పిలిచిరి. అట్టి ఇంటిలో ఒక్క చూలుమేక చచ్చినను ఆ సంవత్సరపు లెక్క తలక్రిందులగును. మేకలు రోగముచేతనే గాక యజమానుడు వాటి స్వభావమును ఎరుగకపోవుటచేతను నష్టమగుచున్నవి. గనుక చదువరులారా, ఈ పాఠమును మీ మేకలను ఎదుట నుంచుకొని చదువుడి.

1. కొండలనుండి వచ్చిన జంతువు

మన ఇంటి మేకకు మూలమైన అడవిమేక పశ్చిమ ఆసియాలోని రాతికొండలలో నివసించునది. సుమారు పదివేల సంవత్సరముల క్రిందట ఇరాన్ దేశపు జాగ్రోస్ పర్వత ప్రాంతమున మనుష్యులు దానిని మచ్చిక చేసికొనిరి. అచ్చటి గంజ్ దరే అను స్థలములో త్రవ్వకములందు దొరకిన ఎముకలు ఈ సంగతికి సాక్ష్యమిచ్చుచున్నవి. పదివేల సంవత్సరములు మనుష్యునితో కాపురము చేసినను మేక తన కొండను మరువలేదు.

గోడ కనబడిన ఎక్కును. బండమీద నిలుచును. వంగిన చెట్టుమొద్దు ఉన్నయెడల దానిపై నడచును. ఎత్తైన చోట పండుకొనుటకు ఒకదానితో నొకటి పోటీపడును. ఇది దాని పొగరు కాదు. ఎత్తున నున్నది శత్రువును ముందుగా చూచును, ప్రాణము దక్కించుకొనును. ఆ బుద్ధి నేటికిని దానిలో మిగిలియున్నది. అందుచేత మేకను కొట్టి ఈ అలవాటు మాన్పింప చూచుట వ్యర్థము. దొడ్డిలో నాలుగు రాళ్లు పేర్చుడి, లేదా గట్టి బల్ల యొకటి వేయుడి. అప్పుడు పొరుగువాని గోడకు కొంత శాంతి కలుగును. అయితే ఆ రాళ్లు కంచెకు దగ్గరగా నుండరాదు, అవియే కంచె దాటుటకు మెట్లగును.

కొండలలో నేల త్వరగా ఆరిపోవును. కనుక మేక తడిని సహింపదు. వర్షపు చుక్క పడగానే చూరు క్రిందికి పరుగెత్తును. దాని చర్మము క్రింద క్రొవ్వు తక్కువ, వెండ్రుకలు పలుచన. తడిసి వణకిన మేకకు ఊపిరితిత్తుల జబ్బు సులువుగా పట్టును. బురదలో నిలిచిన మేకకు గిట్టలు చెడును. వానాకాలమున కొట్టపు నేల ఎత్తుగాను పొడిగాను ఉంచుట మేకకు సుఖము కొరకు మాత్రమే గాక ప్రాణము కొరకును అవసరము.

2. అన్నియు తినునా, ఏరుకొని తినునా?

మేక తినని ఆకు లేదని సామాన్యముగా చెప్పుదురు. ఈ మాట సత్యము కాదు. మన యెదుట మేయుచున్న మూడు జంతువులను గమనింతము. ఆవు గడ్డిని నాలుకతో చుట్టి లాగును. గొఱ్ఱె నేలకు దగ్గరగా కొరుకును. మేకయో తలయెత్తి తుమ్మకొమ్మ ముండ్ల నడుమనుండి ఒక్కొక్క ఆకును ఏరుకొనును. దాని పై పెదవి వ్రేలివలె కదలును, నాలుక చురుకైనది. ముందుకాళ్లు చెట్టునకు ఆనించి వెనుకకాళ్లపై నిలిచి పైకొమ్మలను అందుకొనును. ఒకచోట నిలిచి కడుపు నింపుకొనక, ఇక్కడ రెండాకులు, అక్కడ నాలుగు చిగుళ్లు తినుచు నడచుచుండుట దాని పద్ధతి.

ఈ పద్ధతిలో వివేకమున్నది. అనేక ఆకులలో వగరు పదార్థములును కొన్నిటిలో విషములును కలవు. ఒకే మొక్కను అధికముగా తినక పలు మొక్కలను కొంచెము కొంచెముగా తినుటచేత మేక ఆ హానిని తప్పించుకొనును. వగరును ఓర్చుకొనుటలో అది ఆవుకంటెను గొఱ్ఱెకంటెను సమర్థము. అయినను అది ముట్టని ఆకులున్నవి. అడ్డసరము అట్టిదే. మేక ముట్టనిదను అర్థము వచ్చు పేరును తమిళులు ఆ మొక్కకు పెట్టియున్నారు. కాగితములను, గుడ్డపేలికలను నోట పెట్టుకొనుట చూచి అది సమస్తమును మ్రింగునని తలంచుదుము. మనము చేతితో తడిమి వస్తువును తెలిసికొనునట్లు అది పెదవులతో తడిమి తెలిసికొనుచున్నది. అయితే నేడు వీధులలో నిండియున్న ప్లాస్టిక్ సంచులు ఉప్పురుచిచేతనో ఆహారపు వాసనచేతనో లోపలికి పోయినయెడల కడుపులో ఉండలు కట్టి మేకను చంపును. గనుక ఆ జాగ్రత్త మనదే.

ఈ స్వభావమునుండి మూడు నియమములు వచ్చుచున్నవి. మొదటిది, మేతను నేలమీద పారవేయకుడి. త్రొక్కినదానిని, పెంటికలు పడినదానిని, ఇతర మేకలు ఎంగిలి చేసినదానిని మేక ముట్టదు. రొట్టను కట్టగా కట్టి దాని తలయెత్తునకు వ్రేలాడదీయుడి. మేత దండుగ కాదు, నేలనుండి కడుపులోనికి పోవు పురుగుల బెడదయు తగ్గును. రెండవది, నీళ్లు శుభ్రముగా నుండవలెను. మురికినీటిని త్రాగుటకంటె దాహముతో నుండుటకే మేక ఇష్టపడును.

మూడవది మిక్కిలి ముఖ్యము. మేతను ఒక్కసారిగా మార్చకుడి. నెమరువేయు జంతువు పెద్దపొట్టలో కోట్లాది సూక్ష్మజీవులు మేతను పులియబెట్టుచుండును. అవి క్రొత్త మేతకు అలవాటుపడుటకు వారము పది దినములు పట్టును. మేక త్రాడు తెంచుకొని గింజల బస్తామీద పడినప్పుడును, పండుగ మిగులు అన్నమును కుండలకొలది పెట్టినప్పుడును ఆ పొట్టలో ఆమ్లము పెరిగి, ఒక్క దినములోనే మేక చనిపోవచ్చును. తొలకరి లేతగడ్డి ఒక్కసారిగా మేయుటయు చిటుక రోగమునకు త్రోవచేయును. ప్రేమచేత పెట్టిన అన్నమే మేకను చంపుట మన గ్రామములలో క్రొత్త కాదు.

జాతులన్నిటికి ఈ స్వభావము సామాన్యమే అయినను హెచ్చుతగ్గులు కలవు. ఉత్తరప్రదేశపు ఎటావా ప్రాంతమునకు చెందిన జమునాపారి పొదలలో తిరిగి ఆకు మేయుటకు అలవాటుపడిన పొడుగుకాళ్ల మేక. బర్బరి చిన్నది, పట్టణములలో కొట్టమునందే కట్టి మేపినను ఇముడును. బెంగాలు నల్లమేక పొట్టిది, ఒక్క ఈతలో రెండు మూడు పిల్లలను పెట్టుటలో పేరుపొందినది. మధుర జిల్లాలోని మఖ్దూమ్ నందు 1979లో స్థాపింపబడిన కేంద్ర మేకల పరిశోధనా సంస్థ ఇట్టి మన దేశపు జాతులను గూర్చి పనిచేయుచున్నది.

3. అది చూచు లోకము

మేక కన్నును దగ్గరనుండి చూచుడి. దాని కనుపాప గుండ్రము కాదు, అడ్డముగా పరచిన పలకవలె నుండును. కన్నులు తలకు ఇరుప్రక్కల నున్నందున తల త్రిప్పకయే దాదాపు చుట్టునున్నదంతయు చూడగలదు. మరి మేయుటకు తల వంచినప్పుడు కనుపాప నిలువైపోదా? అమెరికాలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయమునకు చెందిన మార్టిన్ బ్యాంక్స్ అనువారును వారి సహచరులును 2015లో ప్రకటించిన పరిశోధన దీనికి ఉత్తరమిచ్చినది. తల వంగినకొలది కన్ను తన గూటిలో తిరిగి కనుపాపను నేలకు సమముగానే ఉంచును. అనగా మేక మేయుచుండగానే దిగంతమును కావలి కాయుచున్నది.

అయినను తలకు సరిగా వెనుకనున్న కొద్దిపాటి చోటు దానికి కనబడదు. అక్కడనుండి చప్పుడులేక వచ్చి పట్టుకొన్న మనుష్యుని అది శత్రువుగా ఎంచును. గనుక ప్రక్కనుండి, మెల్లగా, పిలుచుచు సమీపింపుడి. మంద అంతయు మేత మాని ఒకే దిక్కున చెవులు నిక్కించినయెడల, ఒకటి తుమ్మినట్లు ముక్కుతో చీది కాలితో నేలను తట్టినయెడల, అది హెచ్చరిక. కుక్కయో, పామో, క్రొత్త మనుష్యుడో అచ్చట నుండును. మంచి కాపరి ఆ చీదును విని తల యెత్తును.

4. మందలో పెద్ద, చిన్న

రెండు మేకలు కలిసినచోట పెద్ద యెవరు, చిన్న యెవరు అను ప్రశ్న పుట్టును. వయసు, దేహము, కొమ్ములు ఈ తీర్పును నిర్ణయించును. పోరాడు విధములో మేకకును గొఱ్ఱెకును భేదము కలదు. పొట్టేలు వెనుకకు నడచి పరుగెత్తి ఢీకొనును. మేక వెనుకకాళ్లపై లేచి, మెడ వంచి, పైనుండి క్రిందికి కొట్టును. ఒకసారి తీర్పు తేలిన తరువాత ఇక పోరుండదు. పెద్దది చూచినంతమాత్రమున చిన్నది తొలగిపోవును.

ఈ క్రమమువలన మందకు శాంతియే గాని, తొట్టి చిన్నదైనయెడల బలహీనమైనదానికి ఆకలి. అయిదు మేకలకు ఒకే చోట దాణా పోసినప్పుడు రెండు తినును, రెండు అందుకొనును, ఒకటి చూచును. ఆ చూచుచున్నది చిక్కిపోయినప్పుడు రోగమని మందు పోయుదుము. దానికి కావలసినది మందు కాదు, వేరొక తొట్టి. క్రొత్త మేకను తెచ్చినప్పుడు ముందుగా కొన్నాళ్లు వేరుగా నుంచి రోగము లేదని చూచి, పిమ్మట విశాలమైన చోట మందలో కలుపుడి. ఇరుకు కొట్టములో కలిపినయెడల ఓడినదానికి తప్పుకొను త్రోవ దొరకదు.

మేక ఒంటరితనమును ఓర్వలేదు. తోడు కనబడనంతసేపు అరచును, మేత మానును. ఈ గుణము ఎంత బలమైనదో తెలుపు సంగతి యొకటి కలదు. పసిఫిక్ మహాసముద్రమందలి గాలాపగోస్ ద్వీపములలో మనుష్యులు విడిచిన మేకలు అడవిబారి అచ్చటి చెట్టుచేమలను నాశనము చేసినవి. పింటా అను ద్వీపమున 1959లో విడిచిన మూడు మేకల సంతతి కొద్ది సంవత్సరములలోనే వేలకొలదిగా పెరిగెను. 1997 మొదలు 2006 వరకు ఇసబెలా, సాంటియాగో ద్వీపములలో వాటిని తొలగించుటకు పెద్ద ప్రయత్నము జరిగెను. కడపట మిగిలి దాగినవాటిని కనుగొనుటకు కొన్ని మేకల మెడలకు రేడియో పరికరములు కట్టి వదలిరి. అవి ఒంటరిగా నుండలేక తమవారిని వెదకి చేరెను, వేటగాండ్రు వాటి వెంట వచ్చిరి. అట్టి మేకకు వారు పెట్టిన పేరు యూదా మేక. పాపము, అది ద్రోహము తలపెట్టలేదు, తోడును మాత్రమే కోరెను. గనుక ఒక్క మేకను మాత్రమే పెంచువారు దానికి కనీసము ఒక తోడును చేర్చుట మేలు.

5. తల్లి, పిల్ల

మేక చూలు సుమారు 150 దినములు. ఈనుటకు ముందు తల్లి మందనుండి ప్రక్కకు తొలగును. నేలను కాలితో గీరును, లేచి కూర్చుండుచుండును. పిల్ల పడగానే దానిని నాకుట ఆరంభించును. ఆ నాకుటలో తల్లి పిల్ల వాసనను తన మనస్సులో ముద్రించుకొనును. పీటర్ క్లాఫర్ అను శాస్త్రజ్ఞుడును ఆయన తోడివారును 1964లో ప్రకటించిన పరిశోధనలో, పుట్టిన వెంటనే అయిదు నిమిషములు పిల్లతో గడపిన తల్లులు కొంతసేపు ఎడబాసిన తరువాతను దానిని చేర్చుకొన్నవి. ఆ అయిదు నిమిషములును దొరకని తల్లులు గంట గడచిన పిమ్మట తమ పిల్లనే పరాయిదిగా ఎంచి తన్నివేసినవి.

దీనిలో మనకు గొప్ప పాఠమున్నది. శుభ్రము పేరిట పిల్లను వెంటనే ఎత్తుకొనిపోయి కడిగి తుడుచుట తల్లికిని బిడ్డకును మధ్య గోడ కట్టుటయే. ముక్కునోళ్లలోని జిగట తుడిచి పిల్లను తల్లి మూతియొద్ద ఉంచుడి. గంటలోపల ముర్రుపాలు త్రాగింపుడి. తల్లి తిరస్కరించినయెడల దానిని కొట్టవద్దు. ఉమ్మనీరు మిగిలియున్నయెడల పిల్లకు పూసి, ఇద్దరిని చిన్న గదిలో నుంచి, తల్లిని పట్టుకొని పాలు త్రాగింపుడి. రెండు మూడు దినములలో అనేక తల్లులు మనసు మార్చుకొనును.

మరియొక సంగతి. గొఱ్ఱెపిల్ల పుట్టిన దినమునుండియే తల్లి వెంట నడచును. మేకపిల్ల అట్లు కాదు. మొదటి దినములలో అది పొదచాటునో గోడమూలనో కదలక మెదలక పండుకొనును. తల్లి మేసి వచ్చి పిలిచినప్పుడే లేచును. కాబట్టి మూలన ముడుచుకొన్న పిల్లను చూడగానే జబ్బని భయపడవలదు. పొట్ట నిండి, నోరు వెచ్చగా నున్నయెడల అది దాగినదే గాని క్రుంగినది కాదు. పొట్ట అంటుకొనిపోయి, నోరు చల్లబడినయెడల మాత్రము ఆలస్యము చేయరాదు.

తల్లి పిల్ల గొంతును కూడ ఎరుగును. లండనులోని క్వీన్ మేరీ విశ్వవిద్యాలయపు పరిశోధకులు 2012లో తెలిపినదేమనగా, పాలు మాన్పించి 7 మొదలు 13 నెలలు గడచిన పిమ్మటను తల్లులు తమ పిల్లల పాత అరుపులను వినిపించినప్పుడు పరాయిపిల్లల అరుపులకంటె ఎక్కువగా స్పందించినవి. సంతలో పిల్లను అమ్మి వచ్చిన రాత్రి తల్లి అరచుట విన్నవారికి ఇది ఆశ్చర్యము కాదు.

6. దాని తెలివి

దొడ్డి గడియ తీయు మేకను ప్రతి గ్రామమును ఎరుగును. పై విశ్వవిద్యాలయమువారే 2014లో పండ్రెండు మేకలకు ఒక పెట్టె చూపిరి. పగ్గమును లాగి, పిమ్మట మీటను ఎత్తినగాని అందులోని ఆహారము రాదు. తొమ్మిది మేకలు ఈ విద్యను నేర్చెను. పది నెలల తరువాత చూపినను రెండు నిమిషములలోనే పెట్టెను తెరచెను. 2016లో ప్రకటించిన మరియొక పరిశోధనలో, తెరువశక్యము కాని పెట్టె యెదుట మేకలు ప్రక్కనున్న మనుష్యుని ముఖమువైపు చూచినవి. ఆయన తమవైపు తిరిగియున్నప్పుడు ఎక్కువసేపు చూచినవి, వెనుదిరిగి నిలిచినప్పుడు తక్కువగా చూచినవి. అనగా మేకకు మన ముఖము అర్థము లేనిది కాదు.

ఇంత జ్ఞాపకముగల జంతువు మన కోపమును కూడ జ్ఞాపకముంచుకొనును. చెవి పట్టి ఈడ్చినవాని చేతికి అది పాలు పూర్తిగా ఇయ్యదు. కర్రతో తరిమినవానిని చూచి మంద చెదరును. అదే సమయమున, అదే పిలుపుతో, చేతిలో పిడికెడు ఆకుతో వచ్చువాని వెనుక అది తానుగా నడచును.

7. గొఱ్ఱెలతో పోల్చినప్పుడు

దక్కను పీఠభూమిలో గొఱ్ఱెలు మేపువారు మందలో కొన్ని మేకలను చేర్చుదురు. గొఱ్ఱె ముందు నడచుదానిని అనుసరించును. మేక క్రొత్త త్రోవ త్రొక్కును, వాగును ముందుగా దాటును. దానిని చూచి మంద దాటును. పాలస్తీనా దేశమునందును కాపరులు రెంటిని కలిపి మేపి, వేళకు వేరుచేయుట వాడుక. మత్తయి సువార్త 25వ అధ్యాయములోని ఉపమానము ఆ వాడుకను ఆధారము చేసికొనియే చెప్పబడినది. దానినిబట్టి కొందరు మేక చెడ్డ జంతువని తలంతురు. అయితే నిర్గమకాండము 12వ అధ్యాయము పస్కా పిల్లను గొఱ్ఱెలలోనుండి గాని మేకలలోనుండి గాని తీసికొనవచ్చునని అనుమతించినది. 26వ అధ్యాయములో గుడారపు పైకప్పునకు మేకవెండ్రుకల తెరలు నియమింపబడినవి. ఉపమానము మనుష్యుల క్రియలను గూర్చినది, మేకల పుట్టుకను గూర్చినది కాదు.

8. నడవడియే మొదటి గుర్తు

మేక నోరు తెరచి నాకు నొప్పియని చెప్పదు. వేటాడబడు జంతువు గనుక బలహీనతను దాచుకొనును. జ్వరము బయటపడునాటికి రోగము ముదిరియుండును. గనుక ప్రతి ఉదయమున మందను విడుచుటకు ముందు అయిదు నిమిషములు ఊరకే నిలిచి చూడుడి. మందకు దూరముగా నిలిచినది ఏది? నెమరు వేయనిది ఏది? వీపు వంచి, చెవులు వ్రేలవేసి, తోక క్రిందికి దించినది ఏది? పండ్లు కొరుకుచున్నది నొప్పితో నున్నది. ఎడమ డొక్క ఉబ్బి తంబురవలె మ్రోగునది ఉబ్బరముతో నున్నది, దానికి వెంటనే సహాయము కావలెను. ముక్కునీరు, నోటిపుండ్లు, విరేచనములు కలిసి కనబడినప్పుడు పారుడు వ్యాధి కావచ్చును, అది మంద అంతటికి అంటును. ఆ మేకను వేరుచేసి పశువైద్యుని పిలువుడి. పారుడు వ్యాధికిని చిటుక రోగమునకును టీకాలున్నవి. వానలకు ముందే అడిగి వేయించుట వివేకము.

ఈ అయిదు నిమిషములకు ధనము అక్కరలేదు, చదువు అక్కరలేదు. తన మందలో ప్రతిదాని నడకను ఎరిగినవానికి మారిన నడక వెంటనే కనబడును.

ఆలోచించి ఉత్తరమిచ్చుటకు ప్రశ్నలు

1. మేక గోడలెక్కుటకు కారణమేమి? మీ దొడ్డిలో దానికి తగిన ఏర్పాటు ఏమి చేయగలరు?

2. మేతను ఒక్కసారిగా మార్చుటవలన కలుగు హాని యెట్టిది? మీ గ్రామమున అట్లు జరిగిన సంగతులున్నవా?

3. ఈనిన వెంటనే పిల్లను తల్లినుండి ఎందుకు తీయరాదు?

4. మీ మందలో పెద్దది ఏది, అందరికంటె చిన్నది ఏది? ఆ చిన్నదానికి మేత అందుచున్నదా? రేపు ఉదయమున నిలిచి చూచి చెప్పుడి.

5. మీ మేకలు మిమ్మును చూచి దగ్గరకు వచ్చునా, దూరముగా పోవునా? కారణమేమై యుండును?